‘నడిచారా?’ అని అడిగితే కోపం వస్తోంది

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఈమధ్య రక్తపరీక్షలో షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. ‘షుగర్ ఇంకా రాలేదు, అంచున ఉన్నారు. రోజూ నడవండి, రాత్రి అన్నం తగ్గించండి’ అన్నారు డాక్టరుగారు. నా సంగతి నాకు తెలుసు కాబట్టి ‘నన్ను కాస్త కనిపెట్టుకుని ఉండు’ అని మా ఆవిడతో నేనే అన్నాను. ఇప్పుడు గుమ్మంలో అడుగు పెట్టగానే ‘నడిచారా? బయట ఏం తిన్నారు?’ అని మొదలు. చుట్టాల ముందు నా చేతిలో స్వీటు లాగేసుకుంది. దాంతో బజ్జీలు బయటే తిని, తినలేదని చెబుతున్నాను. మొన్న అడుగుల లెక్క పెరగాలని కుర్చీలో కూర్చుని ఫోన్ ఊపుతుంటే మా అమ్మాయి చూసి నవ్వింది. ఆవిడను అడగడం మానేయమంటే ‘మా అమ్మ డయాలసిస్ మీద ఉండి పోయింది, మీకు తెలీదా’ అని ఏడుస్తుంది. నాకసలు మనోబలం లేదా?

జవాబు: మనోబలం సంగతి పక్కన పెట్టండి. ఇంకొకరికి లెక్క చెప్పాల్సి ఉంటే గాడిలో ఉంటానని మీరు అనుకోవడం సరైనదే. పొరపాటు ఆ పని అప్పజెప్పిన తీరులో జరిగింది.

ఏం అడగాలో, ఎప్పుడు అడగాలో మీరిద్దరూ మాట్లాడుకోలేదు. ‘కనిపెట్టుకుని ఉండు’ అంటే ఆవిడ ఇరవైనాలుగు గంటలూ కనిపెడుతున్నారు. కానిస్టేబులు డ్యూటీ వేసి, ఎందుకు ఆపుతున్నావని అడిగినట్టుంది. పైగా ఆవిడ ‘నడిచారా’ అన్నప్పుడు ఆ మాటలో వాళ్లమ్మ ఆసుపత్రి రోజులన్నీ ఉంటాయి. మీకు అది సతాయింపుగా వినిపిస్తుంది. మీరు చిరాకు పడితే, తన భయమంటే మీకు లెక్కలేదని ఆవిడకు అనిపిస్తుంది. ఇంత భయపడే మనిషికి రోజువారీ లెక్క చెప్పడం ఎవరికైనా కష్టమే. అందుకే అబద్ధాలు.

మీలాంటి వాళ్ల మీదే, దక్షిణాదిలో ఉద్యోగాలు చేసుకునే మగవాళ్ల మీద జరిగిన ఒక అధ్యయనం 2013లో వెలువడింది. షుగర్ అంచున ఉన్న 537 మందిలో సగం మందికి తిండి, వ్యాయామం గురించి ఫోన్‌కు మెసేజ్‌లు పంపుతూ వచ్చారు. రెండేళ్లలో మెసేజ్‌లు అందినవాళ్లలో 18 శాతం మందికి, అందనివాళ్లలో 27 శాతం మందికి షుగర్ వచ్చింది. మెసేజ్ గుర్తు చేసి ఊరుకుంటుంది, చేతిలో స్వీటు లాక్కోదు.

కాబట్టి రోజువారీ లెక్క చెప్పడానికి వేరే మనిషిని చూసుకోండి. ఆఫీసులో మీ వయసు స్నేహితుడైతే మంచిది, ఆయనకూ ఏదో ఒక లక్ష్యం ఉంటే ఇంకా మంచిది. బావమరిదిని మాత్రం వద్దు. మీరు పొద్దున చెప్పింది మధ్యాహ్నానికల్లా ఇంటికి చేరుతుంది.

ఆయన అడగకూడదు, మీరే చెప్పాలి. రాత్రి తొమ్మిదింటికి ఒక్క లైను: ‘30 నిమిషాలు నడిచాను’ లేదా ‘ఇవాళ నడవలేదు’. వర్షమనీ, ఆఫీసులో ఆలస్యమనీ కారణాలు రాయొద్దు. కారణాలు రాయడం మొదలుపెడితే నడకకన్నా అవే బాగా కుదురుతాయి! మీ లైను రాకపోతేనే ఆయన ఫోన్ చేయాలి. వారానికి 150 నిమిషాలు అన్నది డాక్టర్లు సాధారణంగా చెప్పే లెక్క. అంటే అరగంట చొప్పున అయిదు రోజులు, రెండు రోజులు ముందే సెలవు. అడుగుల లెక్క మానేసి నిమిషాలు చూసుకోండి. గోదావరి గట్టు మీద అటూ ఇటూ ఒక దూరం కొలిచి పెట్టుకుంటే ఫోన్ కూడా అక్కర్లేదు.

తిండి విషయంలో అన్నీ చెప్పక్కర్లేదు, రాత్రి అన్నం తగ్గించారా లేదా అన్నది చాలు. బజ్జీలు తిన్న రోజు తిన్నానని రాయండి. బరువు, షుగర్ అంకెలు రోజూ చెప్పుకోవద్దు. హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటు చెబుతుంది, నిన్నటి నడక ఇవాళ అందులో కనపడదు.

ఇక ఆవిడతో మాట్లాడటం. ‘మానేయ్’ అనొద్దు, ఇప్పటికే అని చూశారు కదా. వంట హడావుడి లేని వేళ చూసి, బయట తిని తినలేదన్న మాట ముందు ఒప్పుకోండి. గొడవ అవుతుంది, అవనివ్వండి. ‘మీ అమ్మగారి సంగతి నేను మర్చిపోలేదు. రోజూ ఫలానా అతనికి చెబుతాను. ఆదివారం సాయంత్రం వారం లెక్క నీకు నేనే చూపిస్తాను, నువ్వు అడగక్కర్లేదు. చుట్టాల ముందు మాత్రం ఈ మాట ఎత్తొద్దు’ అనండి. ఆదివారం మీరు మర్చిపోతే ఈ ఏర్పాటంతా వృథా, ఆవిడ మళ్లీ గుమ్మం దగ్గర నిలబడతారు. అప్పుడు తప్పు ఆవిడది కాదు.

డాక్టరుగారు చెప్పిన గడువుకు మళ్లీ పరీక్ష చేయించినప్పుడు ఆవిడను కూడా తీసుకెళ్లండి. అంకె తగ్గకపోతే ఏం మార్చాలో, మాత్ర అవసరమా కాదా అన్నది అక్కడే ఇద్దరూ అడగండి. అది తేల్చాల్సింది డాక్టరు, దాని మీద ఇంట్లో వాదన అనవసరం.