ప్రయోగం ఫలితాన్ని తూచే పి-వాల్యూ అనే అంకె 0.03 వస్తే నా ఊహ 97 శాతం నిజమైనట్టేనా?

కాదు. చాలామంది ఇక్కడే పొరపడతారు. పోల్చి చూసే రెండు గుంపుల మధ్య అసలు ఏ తేడా లేదనే అనుకుందాం. అయినా కాకతాళీయంగా ఇంత తేడా, లేదా ఇంతకన్నా ఎక్కువ, కనిపించే అవకాశం 3 శాతం. పి-వాల్యూ చెప్పేది అంతే. తేడా ఎంత పెద్దదో కూడా అది చెప్పదు; వేలమందిని తీసుకుంటే పట్టించుకోనక్కర్లేని తేడాకీ చిన్న పి-వాల్యూ రావచ్చు.

ఇంకో చిక్కుంది. పదేసి మందిని చేర్చుకుంటూ, ప్రతిసారీ లెక్క చూసుకుని, పి-వాల్యూ మామూలుగా హద్దుగా పెట్టుకునే 0.05 కిందికి రాగానే ఆపేస్తే ఆ అంకెను నమ్మలేం. నన్నడిగితే ఇది లెక్కల తప్పు మాత్రమే కాదు, నిజాయితీ సమస్య కూడా. 2015లో ప్రచురించిన ఒక పెద్ద ప్రాజెక్టులో 100 సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, దాదాపు 36 శాతంలోనే పి-వాల్యూ 0.05 లోపు వచ్చింది. ఎంతమందిని తీసుకుంటారో, ఏ టెస్ట్ వాడతారో డేటా సేకరించకముందే నమోదు చేసి పెట్టుకోండి.