ఊరి పత్రిక పుట్టుక ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న: మా ఊళ్లో ఒకప్పుడు వారపత్రిక వచ్చేది. మూతపడి చాలాకాలమైంది. తాతగారి ట్రంకుపెట్టెలో ముప్పై దాకా సంచికలు దొరికాయి. పత్రిక ఎప్పుడు పుట్టిందో, ఎవరు నడిపారో వీటిని బట్టి తెలుస్తుందా? – పాఠకురాలు, రేపల్లె

జవాబు: తెలుస్తుందండీ. ముందు చివరి పేజీ అడుగున చిన్నక్షరాల వరుస చూడండి. ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు, అచ్చయిన చోటు వేసి తీరాలని 1867 నాటి ప్రెస్సు చట్టం చెప్పింది. మొదటి పేజీలు కత్తిరించి దాచుకుని, చివరి పేజీలు పొట్లాలకిచ్చేసిన ఇళ్లు ఎన్నో. అసలు ఆధారం పోయేది అక్కడే.

తర్వాత మార్చి సంచికలు విడిగా తీయండి. 1956 నిబంధనల ప్రకారం ఏటా ఫిబ్రవరి ముగిశాక వచ్చే మొదటి సంచికలో ‘ఫారం 4’ ప్రకటన వేయాల్సి ఉండేది. సంపాదకుడు, యజమాని, మూలధనంలో ఒక శాతానికి మించి వాటా ఉన్నవాళ్లు – అందరి పేర్లూ చిరునామాలతో అందులో ఉంటాయి. నాలుగైదేళ్ల ప్రకటనలు పక్కపక్కన పెడితే పత్రిక ఏ ఏడు చేతులు మారిందో కనిపిస్తుంది.

పుట్టిన తేదీకి సంపుటి (ఏడాదికొకటి), సంచిక (వారానికొకటి) అంకెలే దారి. 1976 జూలై 9 నాటి సంచిక మీద ‘సంపుటి 23, సంచిక 14’ అని ఉందనుకోండి. పదమూడు వారాలు వెనక్కి వెళ్తే ఏప్రిల్ 9. అక్కణ్నుంచి 22 ఏళ్లు వెనక్కి, 1954 ఏప్రిల్. అయితే వెంటనే రాసేసుకోకండి. కాగితం దొరకని వారం అంకె ఆపేసేవారు కొందరు, తర్వాతి వారం జంట సంచిక అని రెండంకెలూ వేసేవారు కొందరు. మూతపడి మళ్లీ తెరిచినప్పుడు ఒకటో సంపుటి అని మొదలుపెట్టిన పత్రికలూ ఉన్నాయి. వేర్వేరు ఏళ్ల సంచికలు కనీసం మూడింటితో లెక్క కట్టి, ఒకే నెల తేలితేనే నమ్మండి.

రిజిస్ట్రేషన్ నంబరు చూసి పుట్టిన ఏడు చెప్పడం పొరపాటు. పత్రికల రిజిస్ట్రార్ కార్యాలయం వచ్చిందే 1956 జూలైలో. మచిలీపట్నంలో కృష్ణాపత్రిక 1902లోనే పుట్టింది.

మీ దగ్గర లేని సంచికల కోసం మీ బాపట్ల జిల్లాలోనే ఉన్న వేటపాలెం సారస్వత నికేతనంలో అడగండి. 1918లో పెట్టిన ఆ గ్రంథాలయానికి పాత పత్రికలే పేరు.

ప్రశ్న: 1922లో నల్లగొండ నుంచి ‘నీలగిరి’, ఇనుగుర్తి నుంచి ‘తెనుగు’ పత్రికలు వచ్చాయట. అప్పట్లో చిన్న ఊళ్లలో అచ్చు ఎలా సాగేది? – పాఠకుడు, మహబూబాబాద్

జవాబు: చేత్తో తిప్పే ప్రెస్సు, కాలితో తొక్కే ట్రెడిల్ ఉంటే కరెంటు అక్కర్లేదు. కష్టమంతా కంపోజింగులోనే. ఎడమచేతిలో అక్షరాలు పేర్చుకునే పట్టీ (స్టిక్కు) పట్టుకుని, కుడిచేత్తో గళ్లలోంచి సీసపు అక్షరాలు ఏరి, తిరగేసి పేర్చాలి. అక్షరం పక్కనున్న గాడిని బొటనవేలితో తడిమి, తలకిందులు కాలేదని చూసుకునేవారు. గుణింతాలు, ఒత్తులు ఉన్న తెలుగుకు ఇంగ్లీషు కంటే ఎన్నో రెట్లు ముక్కలు కావాలి. టైపు చాలని ప్రెస్సులో రెండు పేజీలు అచ్చేసి, కిరసనాయిలుతో సిరా తుడిచి, అక్షరాలు తిరిగి గళ్లలో పంచాకే మిగతా పేజీలు కూర్చేవారు. పంచేటప్పుడు ‘వ’ గడిలో పడిన ‘ప’ తర్వాతి వార్తలో అచ్చుతప్పై తేలేది. పాత పత్రిక దొరికితే పేజీ వెనక వేలితో తడమండి, టైపు నొక్కుడు చేతికి తగులుతుంది.

ప్రశ్న: చిరుగుతున్న పాత పేపర్లకు లామినేషన్ చేయించవచ్చా? – పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దు. న్యూస్‌ప్రింటులోని ఆమ్లం లోపలే ఉండి కాగితాన్ని తినేస్తుంది, ఇక విప్పడమూ కుదరదు. సెల్లోటేపు కూడా వేయకండి, జిగురు ఇంకి మరకవుతుంది. మడత విప్పి, బల్లపరుపుగా, ఎండా తేమా తగలని చోట పెట్టండి. ఫొటో తీసేటప్పుడు ఫోను పేజీకి సరిగ్గా పైన ఉండాలి, ఫ్లాష్ వద్దు. ఫైలు పేరులో తేదీ, సంపుటి, సంచిక, పేజీ నంబరు వేయండి.