పప్పు ఉడకదు, బెండకాయ జిగురు వదలదు: కొత్తగా వంట మొదలుపెట్టినవారి ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈమధ్యే గరిటె పట్టినవారివి. కొలతలన్నీ సరిగ్గానే రాశారు. చాలామందికి తేడా వచ్చింది మాత్రం ఏది ఎప్పుడు వేయాలనే దగ్గర. అందుకే జవాబుల్లో కొలతలతో పాటు వేళ కూడా చెబుతున్నాం.

*ప్రశ్న: కందిపప్పు ఆరు విజిల్స్ వచ్చినా గింజ గింజగానే ఉంటోంది. మాది బోరు నీళ్లు. టొమాటో, చింతపండు, ఉప్పు అన్నీ ఒకేసారి వేసి కుక్కర్ పెడుతున్నాను. గోంగూర పప్పయితే అస్సలు మెదగడం లేదు.* (ఒంగోలు నుంచి ఒక పాఠకుడు)

మొదటి కారణం పులుపు. పప్పు గింజలోని కణాలను పట్టి ఉంచే పెక్టిన్ కరిగితేనే గింజ మెత్తబడుతుంది. పులుపు తగిలితే అది సరిగా కరగదు. చింతపండు, గోంగూర, మామిడికాయ ఏదైనా సరే, పప్పు పూర్తిగా ఉడికి మెదిగాకే కలపాలి. రెండో కారణం మీ బోరు నీళ్లు. అందులోని కాల్షియం, మెగ్నీషియం ఆ పెక్టిన్‌ను మరింత గట్టిపరుస్తాయి. పప్పుకి మటుకు తాగే ఫిల్టర్ నీళ్లు వాడండి. మూడోది పప్పు వయసు. ఏడాది దాటి, వేడిలో, చెమ్మలో నిలవున్న పప్పు ఎంత ఉడికించినా మొండికేస్తుంది.

ఉప్పు ముందే వేస్తే పప్పు ఉడకదని చాలామంది అంటారు గానీ, పులుపుతో, బోరు నీళ్లతో పోలిస్తే దాని ప్రభావం చాలా తక్కువ. అయినా చివర వేసుకుంటేనే నయం, రుచి చూసుకునే వీలుంటుంది.

గ్లాసు పప్పు రెండుసార్లు కడిగి అరగంట నానబెట్టండి. మూడు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, అర చెంచా నూనె వేయండి. నూనె వేస్తే నురగ తగ్గుతుంది. మధ్యస్థమైన మంట మీద నాలుగు విజిల్స్ రానిచ్చి, సన్నని సెగ మీద ఐదు నిమిషాలు ఉంచి కట్టేయండి. ఆవిరి దానంతటదే దిగాక మూత తీసి, వేడి మీదే పప్పుగుత్తితో ఎనపండి. చల్లారితే పలుకులు నలగవు.

గోంగూరకి వేరే మూకుడు పెట్టండి. గ్లాసు పప్పుకి రెండు చిన్న కట్టల ఆకు, ఆరు పచ్చిమిర్చి చెంచా నూనెలో ఐదారు నిమిషాలు మగ్గిస్తే ఆకు రంగు మారి ముద్దవుతుంది. దాన్ని ఎనిపిన పప్పులో కలిపి, ఉప్పు వేసి రెండు పొంగులు రానివ్వండి.

ఇవన్నీ చేసినా ఉడకకపోతే వేరే కొట్లో పావుకిలో పప్పు తెచ్చి అవే నీళ్లతో వండి చూడండి. అది ఉడికితే తప్పు మీ పాత పప్పుదే. వంటసోడా వేస్తే ఉడుకుతుంది, నిజమే. కానీ రెండు వేళ్ల చిటికెడు దాటితే సబ్బు వాసన వస్తుంది, పైగా పప్పులోని బి1 విటమిన్ పోతుంది.

*ప్రశ్న: రూములో నలుగురం ఉంటాం. రోజూ అదే గ్లాసుతో ఒకటికి రెండు నీళ్లు పోస్తున్నాం. పోయిన నెల దాకా బాగానే ఉంది. బస్తా మారాక అన్నం ముద్దవుతోంది.* (కూకట్‌పల్లి నుంచి)

మీకు కొత్త బియ్యం వచ్చాయి. కోత కోసి నాలుగైదు నెలలు కాని బియ్యం తక్కువ నీళ్లతోనే మెత్తబడిపోతాయి. సన్నబియ్యం ఏడాది పాతవైతే గ్లాసుకి రెండుంపావు, రెండున్నర దాకా నీళ్లు పడతాయి. కొత్తవాటికి ఒకటిన్నర నుంచి ఒకటిముప్పావు చాలు. బస్తా మారినప్పుడల్లా మొదటి రోజు ఒక్క గ్లాసే వండి చూసుకోండి. బాపట్లలో తయారై 1986లో విడుదలైన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, గింజ బాగా సన్నం. అందుకే పావు గ్లాసు నీళ్లు ఎక్కువైనా తేడా తెలిసిపోతుంది.

నేర్చుకునేవారికి మా సలహా, నెల రోజులైనా గంజి వార్చి వండండి. నీళ్ల కొలత గురించి బెంగ ఉండదు, గింజ ఎలా ఉడుకుతుందో కళ్లారా చూస్తారు. గ్లాసు బియ్యానికి ఆరు గ్లాసుల నీళ్లు తెర్లాక, కడిగి పావుగంట నానిన బియ్యం వేయండి. పది నిమిషాల తర్వాత ఒక మెతుకు తీసి బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కండి. నడుమ తెల్లటి చుక్క గట్టిగా తగిలితే అది పలుకు. నిమిషానికోసారి అలా చూస్తూ, ఆ చుక్క గుండుసూది తలంత ఉన్నప్పుడే వార్చేయండి. చుక్క పూర్తిగా పోయేదాకా ఆగితే ఆలస్యమైనట్టే, మూత కింద మిగిలిన ఆవిరితో అన్నం చిదిరిపోతుంది. వార్చిన గిన్నెను సన్నని సెగ మీద రెండు నిమిషాలు ఉంచి దింపి, మరో పది నిమిషాలు కదపకండి.

ఎలక్ట్రిక్ కుక్కర్లోనైనా బటన్ పైకి వచ్చాక ఆ పది నిమిషాలు ఆగాల్సిందే. వెంటనే గరిటె పెడితే అడుగు మెత్తగా, పైన బిరుసుగా ఉంటుంది.

*ప్రశ్న: చలికాలంలో ఇడ్లీ పిండి పులవడం లేదు. రాత్రి రుబ్బితే పొద్దునకి ఎలా ఉన్నది అలాగే. ఇడ్లీలు రాళ్లలా వస్తున్నాయి. ఈస్ట్ కలపవచ్చా?* (డల్లాస్ నుంచి ఒక పాఠకురాలు)

ఈస్ట్ వద్దు. బ్రెడ్డు వాసన వస్తుంది, ఇడ్లీ రుచి రాదు. మన పిండిని పొంగించేది మినపప్పు మీద సహజంగా ఉండే ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా. దానికి 28 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. మీ ఇంట్లో చలికాలం 20 డిగ్రీలుంటే ఆ పని నత్తనడక నడుస్తుంది. కాబట్టి పిండి గిన్నె ఉన్న చోటుని వెచ్చగా ఉంచడమే మందు.

కొలతల నుంచి మొదలుపెడదాం. గ్లాసు మినపగుళ్లకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, అర చెంచా మెంతులు. మెంతుల జిగురు పిండిలో గాలిని పట్టి ఉంచుతుంది. పప్పు, మెంతులు కలిపి నాలుగైదు గంటలు, రవ్వ విడిగా రెండు గంటలు నాననివ్వండి. మిక్సీలో అయితే ఫ్రిజ్ నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ, నడుమ ఆపుతూ రుబ్బాలి. జార్ వేడెక్కితే పిండి తేలికదనం పోతుంది. గిన్నెడు నీళ్లలో చిన్న పిండి ఉండ వేయండి, తేలితే రుబ్బడం పూర్తయినట్టు. మునిగితే ఇంకో రెండు నిమిషాలు తిప్పండి. రాళ్లలాంటి ఇడ్లీలు చాలావరకు ఈ మునిగిన పిండి నుంచే వస్తాయి.

రవ్వని రెండుసార్లు కడిగి, పిడికిట్లో గట్టిగా పిండి, రుబ్బిన దాంట్లో ఉప్పుతో సహా చేత్తో కలపండి. ఉప్పు పొద్దున కలిపితే పొంగిన గాలి సగం పోతుంది, అందుకే రాత్రే వేయాలి. గిన్నె సగానికి మించి నింపకండి.

ఇక వెచ్చదనం. ఓవెన్‌ను వెలిగించకుండా లోపలి దీపం మాత్రం వేసి, గిన్నె పెట్టి తలుపు మూయండి. పాతరకం బల్బు అయితే ఆ వేడే చాలు. ఎల్‌ఈడీ దీపానికి వేడి ఉండదు. అలాంటి ఓవెన్‌ను అన్నిటికంటే తక్కువ సెట్టింగులో ఒక నిమిషం వెలిగించి, పూర్తిగా కట్టేసి, చేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటేనే గిన్నె పెట్టాలి. తలుపు మీద ‘లోపల పిండి ఉంది’ అని చీటీ అంటించండి, ఇంట్లో ఎవరైనా చూడకుండా ఓవెన్ వేస్తే పిండీ పోతుంది, గిన్నే పోతుంది. పెరుగు తోడుపెట్టే సెట్టింగున్న ఎలక్ట్రిక్ కుక్కర్ ఉంటే తక్కువ వేడి మీద పెట్టి, బిగించే మూత బదులు మామూలు పళ్లెం కప్పండి. పొంగిన పిండి బిగుతు మూతలో ఇరుక్కుంటే తీయడం కష్టం.

పది నుంచి పద్నాలుగు గంటలు పట్టొచ్చు. గడియారం కంటే పిండినే నమ్మండి. ఎత్తు ఇంచుమించు రెట్టింపై, గరిటెతో తీస్తే లోపల తేనెతుట్టెలా బుడగలు కనిపించి, కమ్మని పుల్లటి వాసన రావాలి. అప్పుడు కలియబెట్టకుండా పక్కనుంచి తీసి ప్లేట్లలో వేయండి. ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగాకే ప్లేట్లు పెట్టి, పది నుంచి పన్నెండు నిమిషాలు ఉడికించండి. ఇరవై నిమిషాలు ఉంచితే మంచి పిండి కూడా బిరుసెక్కుతుంది. దింపి మూడు నిమిషాలాగి, తడి చెంచాతో తీస్తే అంటుకోదు.

*ప్రశ్న: పోపు వేస్తే ఆవాలు చిటపటమనేలోపు మిరపకాయలు నల్లబడుతున్నాయి, లేదంటే శనగపప్పు పచ్చిగా ఉండిపోతోంది.* (కరీంనగర్ నుంచి)

అన్నీ ఒకేసారి వేస్తున్నట్టున్నారు. శనగపప్పు వేగడానికి నిమిషం కావాలి, జీలకర్రకి కొన్ని క్షణాలు చాలు. రెండు చెంచాల నూనె కాగాక ముందు రెండు ఆవాలు వేసి చూడండి. అవి చిట్లితే మిగతా అర చెంచా వేసి మూత ఓరగా పెట్టండి. ఆవగింజలోని తేమ ఆవిరై పొట్టును చీల్చుకొని వస్తుంది, నూనె కాగకపోతే అది జరగక గింజ చేదుగా మిగులుతుంది. చప్పుడు తగ్గుముఖం పట్టాక మంట తగ్గించి శనగపప్పు, అర నిమిషానికి మినపప్పు, దంచిన వెల్లుల్లి. పప్పులు బంగారు రంగుకి తిరుగుతుండగా తుంచిన ఎండుమిర్చి, జీలకర్ర. ఘాటు కమ్మగా రాగానే స్టవ్ కట్టేసి, ఇంగువ, తుడిచిన కరివేపాకు. ఆకు తడిగా ఉంటే నూనె మొహం మీదికి చిమ్ముతుంది.

పల్చటి మూకుడు మంట ఆపాక కూడా మాడుస్తూనే ఉంటుంది కాబట్టి వెంటనే పప్పులోకి వంచేయండి. నూనె తక్కువైతే మూకుడును ఓరగా పట్టండి, గింజలు నూనెలో మునిగి సమంగా వేగుతాయి. ఒకవేళ మాడితే మొహమాటపడకుండా పారబోసి మళ్లీ వేయండి. పోయేది రెండు చెంచాల నూనె. మాడిన పోపు కలిపితే గిన్నెడు పప్పు చేదెక్కుతుంది.

*ప్రశ్న: బెండకాయ వేపుడు ప్రతిసారీ జిగురుగా ముద్దయిపోతోంది.* (విశాఖపట్నం నుంచి)

కడిగి, బట్టతో తుడిచి, గంట ఆరబెట్టాకే తరగండి. తరిగాక కడగడమంటే జిగురుని పిలిచి కూర్చోబెట్టడమే. వెడల్పాటి మూకుడులో ముక్కలు ఒకే వరసగా పరవాలి, మూత పెట్టకూడదు. ఉప్పు వేస్తే ముక్క నీరు వదులుతుంది, అందుకని వేగాక దించేముందు ఉప్పు, కారం. మొదటి ఐదు నిమిషాలు కదపొద్దు, ఆ తర్వాత కూడా అట్లకాడతో అడుగునుంచి తిప్పితే చాలు. పావుకిలోకి మూడు చెంచాల నూనె, పావుగంట సమయం. అప్పటికీ జిగురు కనిపిస్తే చెంచా పెరుగు గానీ నాలుగు చుక్కల నిమ్మరసం గానీ వేయండి, విరుగుతుంది.

*ప్రశ్న: ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప వేస్తే లాగేస్తుందంటారు. నిజమేనా?* (వరంగల్ నుంచి)

దుంప ఉప్పును విడిగా లాగలేదు. ఉప్పునీటినే పీలుస్తుంది, కాబట్టి మిగిలిన పులుసు ఉప్పగానే ఉంటుంది. పప్పయితే ఉప్పు లేని పప్పు ఇంకో అర గ్లాసు ఉడికించి కలపండి. పులుసుకి నీళ్లు, కాస్త బెల్లం చేర్చి మరిగించండి. కూరకి కొబ్బరి తురుము, వేయించిన శనగపిండి, నువ్వులపొడి. కారం ఎక్కువైనప్పుడు నీళ్లు పనికిరావు, మిరప ఘాటు కొవ్వులోనే కరుగుతుంది కనుక నెయ్యి, పెరుగు, కొబ్బరిపాలు వాడాలి. కళ్లుప్పు వాడేవారికి ఒక జాగ్రత్త: అది కరగకముందే రుచి చూసి, చాలలేదని మరో చెంచా వేయడం వల్లే ఎక్కువవుతుంది. కలిపి రెండు నిమిషాలాగి చూడండి.

*ప్రశ్న: పదో తరగతి అయిపోయిన మా బాబుకి వంట నేర్పుతున్నాం. మొన్న కుక్కర్ సేఫ్టీ వాల్వ్ ఊడి పప్పంతా పైకప్పుకి చిమ్మింది. వాడు భయపడిపోయాడు.* (కర్నూలు నుంచి ఒక తల్లి)

బాబుకి దెబ్బ తగలలేదంటే ఆ వాల్వ్ తన పని తాను చేసింది. అది లేకపోతే పగిలేది కుక్కరే. విజిల్ కింద సన్నని గొట్టంలో పప్పు నురగ, పొట్టు ఇరుక్కుంటే ఆవిరి పోయే దారి మూసుకుపోతుంది. అడుగున నీళ్లు ఇంకిపోయినా వాల్వ్‌లోని లోహం కరిగి ఊడుతుంది.

ప్రతిసారీ మూత పెట్టేముందు ఆ గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూడమనండి. అవతలి వెలుగు కనబడాలి, లేదంటే సూదితో శుభ్రం చేయాలి. పప్పు, బియ్యం పెడితే నీళ్లతో కలిపి సగానికి మించకూడదు, మిగతా కూరలైతే మూడింట రెండొంతులు. ఊడిన వాల్వ్ స్థానంలో అదే కంపెనీ వాల్వ్ వేయించండి, వేరే ఏదీ బిగించకండి. పక్కల నుంచి ఆవిరి కారుతూ విజిల్ రాకపోతే రబ్బరు వదులైనట్టు. చల్లటి నీళ్లలో వేసి తీస్తే ఆ పూటకి గడుస్తుంది, మరుసటి రోజు మార్చాలి. మూత పిడి తేలిగ్గా జరగకపోతే లోపల ఆవిరి ఉన్నట్టే, బలవంతంగా తిప్పొద్దు. కుళాయి కింద మూత మీద చల్లటి నీళ్లు పోస్తే అరనిమిషంలో దిగుతుంది.

కొన్నాళ్లు కుక్కర్ పక్కనపెట్టి గంజి వార్చిన అన్నం, పోపు, చారు నేర్పండి. మంట మీద పట్టు వచ్చాక కుక్కర్ ఇవ్వండి. నూనెలో వేయించే వంటలు అన్నిటికంటే చివర. అవి మొదలుపెట్టే రోజు, మూకుడుకి సరిపోయే మూత పక్కనే ఉంచండి. నూనె అంటుకుంటే స్టవ్ కట్టేసి, మూత కప్పి, చల్లారేదాకా తీయకూడదని చేసి చూపించండి. నీళ్లు పోస్తే అవి నూనె కిందికి దిగి, ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న నూనెను ఎగజిమ్ముతాయి.