హిమోగ్లోబిన్ బాగుంటే ఐరన్ సరిపడా ఉన్నట్టేనా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. కుదురుగా కూర్చోడని, లెక్క సగంలో వదిలేస్తాడని టీచర్లు రెండేళ్లుగా చెబుతున్నారు. డాక్టరు పరీక్షించి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరక, అతిగా కదులుతుండే సమస్య) అన్నారు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 11.8, ఫెరిటిన్ 13 వచ్చాయి. రక్తం బాగానే ఉందని కొందరు, ఐరన్ టానిక్ తాగిస్తే ఏడీహెచ్‌డీ మందులే అక్కర్లేదని బంధువులు అంటున్నారు. పొద్దున్నే టీలో బిస్కెట్లు ముంచుకుని తింటే గానీ వాడు స్కూలు బస్సెక్కడు. రాత్రి పడుకున్నాక అదేపనిగా కాళ్లు ఆడిస్తుంటాడు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ బాబు వయసు పిల్లలకు హిమోగ్లోబిన్ 11.5 కంటే తగ్గితేనే రక్తహీనత అంటారు కాబట్టి, అది లేదన్న మాట నిజమే. అయితే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో తెలిపేది ఫెరిటిన్. అయిదేళ్లు దాటినవారిలో అది 15 కంటే తక్కువుంటే ఐరన్ లోపమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గాదె అడుగంటుతున్నా వంటింటి డబ్బాలో బియ్యం నిండుగా కనిపించినట్టు, శరీరం నిల్వలన్నీ తోడుకుని హిమోగ్లోబిన్‌ను నిలబెడుతుంది. అందుకే ఆ 13ను తేలిగ్గా తీసుకోవద్దు.

మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే ఎంజైముకు ఐరన్ లేనిదే పని సాగదు. ఏకాగ్రతకు, కదలికల అదుపుకు ఆ డోపమైనే కీలకం. 2004లో ఫ్రాన్స్‌లో ఎరిక్ కొనోఫాల్ బృందం ఏడీహెచ్‌డీ ఉన్న 53 మంది పిల్లలను పరీక్షిస్తే 84 శాతం మందికి ఫెరిటిన్ 30 లోపే ఉంది. ఆ సమస్య లేని పిల్లల్లో అలా ఉన్నది 18 శాతమే. అదే బృందం 2008లో 23 మందితో 12 వారాలు జరిపిన చిన్న పరీక్షలో, ఐరన్ తీసుకున్న పిల్లల లక్షణాలు కొంత తగ్గాయి. తర్వాతి అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. కాబట్టి టానిక్ ఉంది కదా అని మందులు మానేయడం, రెండేళ్లుగా బడిలో మాటలు పడుతున్న పిల్లవాడికి అన్యాయం చేయడమే అవుతుంది. ఏడీహెచ్‌డీ చికిత్స, ఐరన్ రెండూ కలిసి నడవాలి.

కాళ్లు ఆడించడాన్ని అల్లరిగా చూడకండి. ఐరన్ తగ్గినవారిలో పడుకోగానే కాళ్లు లాగినట్టుండి కదపకుండా ఉండలేని సమస్య రావచ్చు, దానివల్ల నిద్ర చెడితే మర్నాటి చదువూ చెడుతుంది. ఈ విషయం డాక్టరుకు తప్పక చెప్పండి.

ఆ పొద్దుటి టీ మాత్రం మాన్పించండి, ఎందుకంటే అందులోని టానిన్లు తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం ఈ వయసుకు రోజుకు 15 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. తోటకూర పప్పులో నిమ్మరసం పిండినా, భోజనంతో జామకాయ ముక్కలు పెట్టినా ఆకుకూరలోని ఐరన్ బాగా ఒంటబడుతుంది. మాంసాహారులైతే వారానికోసారి కొద్దిగా మేక కార్జం వండి పెట్టండి. బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేయించారో లేదో కూడా చూసుకోండి.

ఇంత తగ్గిన నిల్వ తిండితోనే నిండదు, మందు కావాలి. మోతాదు బరువును బట్టి డాక్టరే నిర్ణయించాలి. మలం నల్లగా వస్తే కంగారుపడకండి. ఇంట్లో పసిపిల్లలుంటే సీసాను తాళం వేసిన అలమరలో పెట్టండి, ఎక్కువ తాగితే ప్రాణాపాయం. మూడు నెలల తర్వాత ఫెరిటిన్ మళ్లీ చూపించండి. జ్వరం, జలుబు ఉన్నప్పుడు అది ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, పూర్తిగా తగ్గాకే రక్తం ఇప్పించండి.