రోమన్ శిథిలాలు: ఏవి ఉంచాలి, ఏవి వదలాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్ర: మేలో ఏడు రోజులు ఇటలీ వెళ్తున్నాం. కొలోసియం, పాంపేయి, హెర్క్యులేనియం, ఓస్టియా అన్నీ రాసుకున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, బాబుకు పదేళ్లు. ఏవి తీసెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, బరంపురం (గంజాం జిల్లా)

జ: తీసెయ్యాల్సింది పాంపేయి. ఆ పేరు వినే ఇటలీ వెళ్లేవాళ్లు చాలామంది కాబట్టి కారణం వివరంగా చెప్పాలి. తవ్వి బయటపెట్టిన ఊరే 40 హెక్టార్లు దాటుతుంది. వీధుల్లో ఎత్తుపల్లాల బండరాళ్లు, నీడ దాదాపు లేదు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు పాంపేయి మీద ముందు కురిసింది తేలికపాటి అగ్నిపర్వత రాళ్లు. ఆ బరువుకు ఇంటికప్పులు కూలాయి. అందుకే అక్కడ ఎక్కువగా కప్పులేని గోడలే కనిపిస్తాయి.

హెర్క్యులేనియంలో జరిగింది వేరు. కాలే వాయువు, బూడిద కలిసి ఉప్పెనలా వచ్చి ఊరిని దాదాపు 20 మీటర్ల లోతున పూడ్చేశాయి. గాలి ఆడక కొయ్య మండిపోకుండా బొగ్గయి నిలిచింది. దూలాలు, తలుపులు, మంచాలు, మేడ గదులు మిగిలాయి. ‘కొయ్య తడిక ఇల్లు’ అనే ఇంట్లో హాలుకు అడ్డంగా పెట్టిన మడత తలుపులు, వాటికి దీపాలు తగిలించే కంచు కొక్కేలతో సహా ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. బాబుకు ‘ఇక్కడ మనుషులు ఉండేవారు’ అని వేరే చెప్పక్కర్లేదు. రెండు మూడు గంటల్లో చూసెయ్యొచ్చు. ఒకటే ఇబ్బంది: రైలు దిగే ఎర్కొలానో స్కావి స్టేషన్ నుంచి గేటు దాకా పల్లం, తిరుగు ప్రయాణం ఎక్కుడు. అమ్మ కోసం తిరిగొచ్చేటప్పుడు టాక్సీ అడగండి.

హెర్క్యులేనియం నేపుల్స్ దగ్గర, అక్కడ కనీసం ఒక రాత్రి ఉంటేనే ఇది కుదురుతుంది. రోమ్ నుంచి వేగపు రైలు గంటా పది నిమిషాలే. అక్కడి నుంచి సోరెంటో వైపు వెళ్లే చిర్కుంవెసువియానా లోకల్ ఎక్కాలి. దానికి టికెట్ వేరు, కూర్చోడానికి చోటు దొరుకుతుందన్న నమ్మకం లేదు, జేబు జాగ్రత్త. బాబు పాంపేయి కోసం మరీ మారాం చేస్తే ‘పాంపేయి స్కావి – విల్లా దెయి మిస్తేరి’ అని రాసిన స్టేషన్‌లోనే దిగండి. పాంపేయి పేరుతో వేరే స్టేషన్లూ ఉన్నాయి, వాటిలో దిగినవాళ్లు ఎండలో నడవాల్సిందే. అక్కడ రోజుకు 20,000 మందికి మించి వదలరు. టికెట్ ముందే తీసుకోండి.

నేపుల్స్ వెళ్లడమే కుదరకపోతే ఓస్టియా చాలు. కొలోసియం నుంచి మెట్రో బి లైన్‌లో రెండో స్టేషన్ పిరమిడే. పక్కనే ఉన్న పోర్తా సాన్ పావొలో స్టేషన్‌లో రైలెక్కితే అరగంట. మామూలు సిటీ టికెట్టే చెల్లుతుంది. ఇది రోమ్‌కు రేవు పట్టణం. నదిలో ఒండ్రు మేట వేసి, జనం మెల్లగా వదిలేస్తే పూడిపోయింది. అందుకే ఇటుక మేడలు, మెట్లు, భోజనశాల గల్లా బల్ల, వరసగా కూర్చునే రాతి మరుగుదొడ్లు నిలిచాయి. వర్తకుల చౌకులో ఒక్కో కొట్టు ముందు నేల మీద నల్లరాళ్లు, తెల్లరాళ్లు పొదిగి బొమ్మలు వేశారు. ఉత్తర ఆఫ్రికాలోని సబ్రాతా ఊరి వర్తకుల కొట్టు ముందు ఏనుగు ఉంటుంది, బాబును వెతకమనండి. చెట్ల నీడ కూడా ఉంది. సోమవారం సెలవు.

కొలోసియం ఎలాగూ మానరు. 18 యూరోల మామూలు టికెట్ మీదే పక్కనున్న ఫోరం (పాత రోమ్ నడిబొడ్డు చౌకు), పాలటైన్ కొండ కూడా చూడొచ్చు, 24 గంటలు చెల్లుతుంది. బాబుకు ఉచితమే గానీ అతనికీ టికెట్ బుక్ చెయ్యాలి. కొలోసియంలో నడవలేనివాళ్లకు లిఫ్ట్ ఉంది, ఫోరంలో రాళ్ల బాటే. మీరూ బాబూ లోపలికి వెళ్తే, అమ్మ పక్కనున్న ఫోరి ఇంపీరియాలి రోడ్డు మీద నుంచే చాలా భాగం చూడొచ్చు. నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం. ఆ రోజు మాత్రం వెళ్లకండి.

ప్ర: రోమన్లతో మన దక్కన్‌కు వర్తకం ఉండేదంటారు. దాని గుర్తులు ఇటలీలో కనిపిస్తాయా?
– ఒక అధ్యాపకుడు, నాందేడ్

జ: ఒక్కటి తప్పక చూడండి. 1938లో పాంపేయిలోని ఒక ఇంట్లో ఏనుగు దంతంతో చెక్కిన స్త్రీ బొమ్మ దొరికింది. ఎత్తు సుమారు 25 సెంటీమీటర్లు. ఒంటినిండా నగలు, రెండు పక్కలా చిన్న చెలికత్తెలు. మొదట లక్ష్మి అన్నారు, యక్షి కావచ్చని ఇప్పుడు చాలామంది అభిప్రాయం. నడినెత్తిన రంధ్రం ఉంది కాబట్టి ఏదో బల్లకు కాలుగానో పిడిగానో వాడి ఉంటారు. ఇలాంటి దంతపు పనే జాల్నా జిల్లా భోకర్దన్‌లో బయటపడింది. అందుకే అది సాతవాహనుల సీమ నుంచి వెళ్లిందని వాదించేవాళ్లున్నారు. బొమ్మ ఉన్నది పాంపేయిలో కాదు, నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో, ‘రహస్య గది’ అనే విభాగంలో. మంగళవారం మ్యూజియం మూసేస్తారు. అప్పుడప్పుడు గదులూ మూస్తారు, వస్తువుల్ని బయటి ప్రదర్శనలకూ పంపుతారు. టికెట్ కొనే ముందే అడగండి. బయల్దేరేలోపు, ఇలాంటి బొమ్మే దొరికిన ధారాశివ్ జిల్లా తేర్‌లోని మ్యూజియం చూసి వెళ్తే పోల్చుకోడానికి బాగుంటుంది.

ప్ర: టికెట్ మీద పేరు ఎలా రాయాలి? మా పేర్లలో ఇంటిపేరు ఒక్క అక్షరమే.
– పర్లాకిమిడి నుంచి

జ: పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా. కొలోసియం, పాంపేయి టికెట్లు పేరు మీద ఇస్తారు, గేటు దగ్గర గుర్తింపు కార్డు అడుగుతారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, టికెట్ మీద పొడి అక్షరం పెడితే వాదన తప్పదు.

ప్ర: మాకు హైదరాబాద్ దగ్గర, మా అబ్బాయి ఉద్యోగం కూడా అక్కడే. వీసా దరఖాస్తు అక్కడ ఇవ్వొచ్చా?
– బల్లార్షా (మహారాష్ట్ర) నుంచి

జ: దూరం లెక్క కాదు, నివాసం లెక్క. ఇటలీ వీసాకు మహారాష్ట్ర ముంబై కాన్సులేట్ కిందికి, ఒడిశా కోల్‌కతా కిందికి వస్తాయి. మీ అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడి చిరునామా రుజువు చూపగలిగితే అతని దరఖాస్తు అక్కడ ఇవ్వొచ్చు, మీది కాదు. పెద్దలకు ఫీజు 90 యూరోలు, 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు. వేసవి రద్దీలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కాబట్టి మే ప్రయాణానికి జనవరిలోనే కదలండి.