ఆ డబ్బా మూత తియ్యకు, ముందు నూనె కొలిచి చూడు

నాన్నా,

నువ్వు పంపిన బరువు తగ్గించే బిళ్లల డబ్బా ఫోటో రెండుసార్లు జూమ్ చేసి చూశాను. "నెలలో 8 కిలోలు, డైటింగ్ లేదు, వ్యాయామం లేదు" అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉంది, దాని కింద "వేసుకోనా పిన్నీ?" అని నువ్వు అడిగావు. వద్దురా. ఊరికే వద్దంటే నువ్వు వినవు కాబట్టి ముందు నాతోపాటు ఒక లెక్క వెయ్యి. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు ఉంటాయి, 8 కిలోలంటే 61,600, దాన్ని 30 రోజులకు పంచితే రోజుకు 2,000 దాటుతుంది. మామూలు మనిషి రోజు మొత్తంలో తినేది ఇంచుమించు అంతే. నెలంతా నోట్లో ముద్ద పెట్టకుండా ఉంటే కరిగేంత కొవ్వుని, కడుపునిండా తింటున్నా సరే ఈ బిళ్ల కరిగిస్తుందని వాళ్లు రాశారు. అది జరిగే పని కాదు.

ఇది నేను పడి తెలుసుకున్న సంగతి. నా ముప్పై ఎనిమిదో ఏట, 84 కిలోలున్నప్పుడు, అంతా మూలికలే అని రాసి ఉంటే నమ్మి ఇలాంటివే మూడు వారాలు మింగాను. ఆకలి నిజంగానే పోయింది, నాలుగు కిలోలు తగ్గాను కూడా, కానీ నిద్ర కూడా పోయింది, రాత్రి పక్కకు తిరిగి పడుకుంటే గుండె కొట్టుకోవడం దిండులోంచి వినిపించేది. డాక్టర్ బీపీ చూసి ఆ రోజే ఆపెయ్యమన్నారు. రెండు నెలల్లో ఆ నాలుగు కిలోలూ తిరిగొచ్చాయి, పైన ఇంకో కిలో. సిబుట్రమిన్ అని ఆకలి చంపి బరువు తగ్గించే మందు ఒకటి ఉండేది, గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని 2010లో అమెరికాలో, యూరప్‌లో మార్కెట్ నుంచి తీసేశారు. ఆ తర్వాత కూడా సహజం, మూలికలు అని లేబుల్ ఉన్న బిళ్లల్లో అదే దొరికిందని అమెరికాలో మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఎన్నోసార్లు హెచ్చరించింది, లేబుల్ మీద మాత్రం దాని పేరు ఉండదు. డాక్టర్ పరీక్షలు చేసి రాసిచ్చే మందుల సంగతి వేరు, నేను చెప్పేది ఇలా కొనుక్కుని మింగేవాటి గురించి.

సరే, మరి నాకు ఎలా తగ్గింది అంటావా. వంటింట్లో మొదలైంది. ఒకరోజు కూర చేయబోతూ, రోజూ వంచినట్టే సీసా వంచి నూనెను మూకుడులో కాకుండా గిన్నెలో పోశాను, తర్వాత దాన్ని పెద్ద చెంచాతో తిరిగి తోడుకుంటూ లెక్కపెట్టాను. మూడు చెంచాలు వేస్తున్నానని నా నమ్మకం, అక్కడ ఏడు వచ్చాయి. నేను మళ్లీ లెక్కపెట్టాను, ఏడే. ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్ల నూనెలో 120 కేలరీల దాకా ఉంటాయి. ఇద్దరం తినే కూరలో నాలుగు చెంచాలు ఎక్కువంటే మనిషికి 240, అది దగ్గర దగ్గర గంట నడకలో ఖర్చయ్యేంత. ఆ రోజు నుంచి సీసాతో పోయడం మానేశాను, చెంచా పక్కనే పెట్టుకుంటాను. రెండు వారాలు రుచి తక్కువైనట్టు అనిపించింది, ఆ తర్వాత మా ఇద్దరికీ తేడా తెలియలేదు. నువ్వూ ఈ ఆదివారం ఇదే చేసి చూడు.

తాగేవాటి దగ్గర కూడా జాగ్రత్త. 330 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో 35 గ్రాముల దాకా పంచదార ఉంటుంది, రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైగా తాగింది కడుపు నింపదు, అది తాగాక కూడా అంతే తింటాం. ప్యాకెట్ తిండీ అంతే. 2019లో అమెరికాలో 20 మందిని పరిశోధనా కేంద్రంలోనే ఉంచి రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన తిండి, రెండు వారాలు పెద్దగా ప్రాసెస్ చెయ్యని తిండి పెట్టి, ఎంత కావాలంటే అంత తినమన్నారు, మొదటిదాంతో వాళ్లు రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. అందుకే నిన్ను నువ్వు తిట్టుకోవద్దు, ఆ తిండి అలా తినిపిస్తుంది. కంచంలో సగం కూరగాయలు పెట్టుకో, ప్రతి పూటా గుడ్డో, పప్పో, చేపో ఏదో ఒకటి ఉండేలా చూసుకో, ఆకలి ఆగుతుంది. పస్తులు మాత్రం ఉండకు.

నడక విషయంలో పెద్ద లక్ష్యాలు పెట్టుకోకు. వారానికి 150 నిమిషాలు చాలు, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగం ఉండాలి, అదే కొలత. నేను మొదటి నెల పది నిమిషాలతోనే మొదలుపెట్టాను, మోకాళ్లు ఒప్పుకున్నాక పెంచాను. దాంతోపాటు వారంలో రెండు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి పుషప్‌లు, ఇవి తప్పకుండా చెయ్యి, లేకపోతే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. రాత్రి ఏడు గంటల నిద్ర తగ్గనివ్వకు, నిద్ర చాలని మర్నాడు ఆకలి ఎంత విపరీతంగా ఉంటుందో గమనించు.

ఇప్పుడు అందరూ వదిలేసే చోటు చెబుతాను. మొదటి వారం రెండు కిలోలు తగ్గుతావు, సంబరపడతావు. అందులో చాలావరకు నీళ్లే, ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం ఖర్చవుతుంటే దాన్ని పట్టుకుని ఉన్న నీళ్లూ పోతాయి. మూడో వారానికి ముల్లు కదలదు. ముందురోజు ఉప్పు ఎక్కువైతే కిలో పెరిగినట్టు కూడా చూపిస్తుంది. సరిగ్గా అక్కడే నేను రెండుసార్లు వదిలేశాను, అక్కడే ఆ డబ్బా గుర్తొస్తుంది. కాబట్టి రోజూ కాకుండా వారానికి ఒకసారి, పొద్దున్నే ఏమీ తినకముందు బరువు చూసుకో, నెలకొకసారి నడుము టేపుతో కొలుచుకో. ముల్లు ఆగిన నెలలో నా నడుము రెండు సెంటీమీటర్లు తగ్గింది. వారానికి అరకిలో తగ్గితే చాలా బాగా తగ్గుతున్నట్టు. నాకు 84 నుంచి 69కి రావడానికి పదహారు నెలలు పట్టింది, ఆరేళ్లుగా ఒకటి రెండు కిలోల తేడాతో అక్కడే ఉన్నాను.

మొదలుపెట్టే ముందు థైరాయిడ్, షుగర్, బీపీ చూపించుకో. షుగర్ ఉందని తేలి మందులు రాస్తే, తిండి తగ్గించే సంగతి ఆ డాక్టర్‌కి చెప్పు, డోసు మార్చాల్సి రావచ్చు.

ఆదివారం ఎన్ని చెంచాలు వచ్చాయో ఫోన్ చేసి చెప్పు. డబ్బా సీల్ తియ్యకపోతే వెనక్కి ఇచ్చెయ్.

నీ పిన్ని