మీ బండి, మీ సందేహం: ఆఫ్ చేశాక కూడా వైపర్ కిందిదాకా ఎలా వెళ్తుంది?

ప్రశ్న: సార్, ఇన్నాళ్లూ వైపర్ ఎప్పుడు ఆఫ్ చేసినా బ్లేడ్లు కిందికెళ్లి పడుకునేవి. ఈమధ్య ఎక్కడ ఆఫ్ చేస్తే అక్కడే, సరిగ్గా కళ్లకి అడ్డంగా ఆగిపోతున్నాయి. స్లో, ఫాస్ట్ రెండూ బాగానే తిరుగుతున్నాయి. చూపిస్తే మోటార్ మొత్తం మార్చాలన్నారు. మార్చాల్సిందేనా? అసలు స్విచ్ ఆఫ్ చేస్తే కరెంటు పోవాలి కదా, మరి ఇన్నాళ్లూ కిందిదాకా ఎలా వెళ్లేవి?

జవాబు: అప్పుడే మార్చకండి. మీ రెండో ప్రశ్న అర్థమైతే మొదటిదానికి జవాబు మీకే దొరుకుతుంది, కాబట్టి ముందు దాన్ని చూద్దాం.

లివర్ ఆఫ్ చేయగానే మోటార్‌కి కరెంటు పోతుందని అందరం అనుకుంటాం గానీ పోదండీ, వేరే దారిలో వస్తూనే ఉంటుంది. మోటార్ ఇరుసు మీద మరలాంటి వార్మ్ ఉంటుంది, అది ఒక పెద్ద గేరుని తిప్పుతుంది, ఆ గేరు ఒక చుట్టు తిరిగితే బ్లేడ్లు ఒకసారి పైకెళ్లి కిందికొస్తాయి. ఆ గేరు మీదే ఒక రాగి రేకు, దాన్ని రాసుకుంటూ రెండు మూడు స్ప్రింగు కాంటాక్టులు ఉంటాయి, దీన్నే పార్క్ స్విచ్ అంటారు. బ్లేడ్లు కింద తప్ప ఇంకెక్కడున్నా సరే ఈ స్విచ్ ఇగ్నిషన్ నుంచి వచ్చే 12 వోల్టుల్ని పార్క్ వైరులోకి పంపిస్తుంది. మీరు లివర్ ఆఫ్‌లో పెట్టినప్పుడు లోపల జరిగేది ఏంటంటే ఆ పార్క్ వైరుని తీసుకొచ్చి స్లో స్పీడు వైరుకి కలపడం, అంతే. అంటే మోటార్ తన గేరు మీదున్న స్విచ్ నుంచే కరెంటు తీసుకుని తిరుగుతూ తిరుగుతూ కిందికొస్తుంది, సరిగ్గా అక్కడ రాగి రేకుకి గండి ఉంటుంది కాబట్టి కరెంటు తెగిపోతుంది.

ఇందులో నాకు బాగా నచ్చే విషయం ఇంకోటుంది. కరెంటు తెగినా ఆ ఊపులో మోటార్ ఇంకొంచెం తిరుగుతుంది కదా, అలా గండి దాటేసిందంటే మళ్లీ కరెంటు తగులుతుంది, మళ్లీ ఇంకో రౌండు, ఇక ఆగేదే లేదు. అందుకని గండి దగ్గరికి రాగానే అదే పార్క్ వైరు ఎర్త్‌కి (బ్యాటరీ నెగటివ్ కలిపి ఉన్న బండి బాడీకి) కలిసిపోతుంది. మోటార్లో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కల్ని బ్రష్‌లంటారు, వాటిలో ఒకటి స్లో వైరుది, ఇంకోటి ఎలాగూ ఎర్త్‌లోనే ఉంటుంది, అంటే రెండు బ్రష్‌లూ ఒకదానికొకటి కలిసిపోయినట్టే, అప్పుడు ఊపులో తిరుగుతున్న మోటార్ డైనమోలా కరెంటు పుట్టించి ఆ కరెంటే తనకి బ్రేకు అయిపోయి టక్కున ఆగుతుంది. ఆఫ్ చేసినా వైపర్ ఆగకుండా తిరుగుతూనే ఉందని రాసేవాళ్లు ఈ ఎర్త్ కాంటాక్టునీ, అతుక్కుపోయిన రిలేనీ (కరెంటుతో పనిచేసే స్విచ్) ముందు చూసుకోవాలి.

కావాలంటే బాగున్న బండిలో ఒక పరీక్ష చేసి చూడండి. అద్దం తడిపి వైపర్ వేసి బ్లేడ్లు మధ్యలో ఉండగా తాళం ఆఫ్ చేయండి, అక్కడే ఆగిపోతాయి. ఇప్పుడు వైపర్ లివర్ ఆఫ్‌లో పెట్టి మళ్లీ తాళం ఆన్ చేయండి, లివర్ ఆఫ్‌లోనే ఉన్నా బ్లేడ్లు వాటంతటవే కిందికెళ్లి పడుకుంటాయి. (వైపర్‌ని కంప్యూటర్ నడిపించే కొత్త బండ్లలో ఇది వేరేగా ఉండొచ్చు, నేను చెప్పేది మామూలు వైరింగ్ గురించి.)

ఇక మీ బండి సంగతి. స్లో తిరుగుతోంది, ఫాస్ట్ తిరుగుతోంది, అంటే మోటార్ బ్రష్‌లు, ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) బాగున్నట్టే, తెగింది పార్క్ దారి ఒక్కటే. ఆగి ఆగి తుడిచే సెట్టింగ్ ఉంటే అది కూడా వేసి చూడండి, ప్రతిసారీ కొంచెం కదిలి ఆగిపోతుంటే ఇక అనుమానం అక్కర్లేదు. బ్లేడ్లు మధ్యలో ఆపి, తాళం ఆన్, లివర్ ఆఫ్ పెట్టి మోటార్ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టించండి. పార్క్ స్విచ్‌కి వచ్చే ఫీడ్ వైరులో 12 వోల్టులు లేకపోతే ఫ్యూజో వైరో పోయింది. అక్కడ ఉండి పార్క్ వైరులో లేకపోతే ఆ రాగి రేకు కాంటాక్టులు కాలాయి, లేదా గ్రీజు గట్టిపడి తగలడం లేదు, చాలా మోటార్లలో మూత విప్పి శుభ్రం చేసి కాంటాక్టులు కొంచెం వంచితే సరిపోతుంది. పార్క్ వైరులో కూడా ఉండి స్లో వైరులో లేదంటే తప్పు లివర్ స్విచ్‌ది, కొత్త మోటార్ వేసినా మీ బాధ తీరదు. పరీక్ష చేయకుండా మోటార్ మార్చేయమనడం నాకు అసలు నచ్చదండీ.

ప్రశ్న: హీటర్ ఫ్యాన్ స్పీడుకి రెసిస్టర్ ఉన్నట్టే వైపర్ స్పీడుకి కూడా ఉంటుందా? మా వైపర్ ఫాస్ట్‌లో మాత్రమే తిరుగుతోంది.

జవాబు: మామూలుగా ఉండదు. వైపర్ మోటార్లో మూడు కార్బన్ బ్రష్‌లు ఉంటాయి. ఒకటి ఎర్త్‌ది, దానికి సరిగ్గా ఎదురుగా స్లో బ్రష్, కొంచెం పక్కకి జరిపి ఫాస్ట్ బ్రష్. ఏ మోటార్ అయినా తిరిగేటప్పుడు లోపల ఎదురు వోల్టేజి పుట్టిస్తుంది, అది బ్యాటరీ వోల్టేజికి దగ్గరపడేదాకా వేగం పెరుగుతుంది. పక్కకి జరిపిన బ్రష్ నుంచి కరెంటు ఇస్తే ఎదురు వోల్టేజి పుట్టించే చుట్లు తగ్గుతాయి, అంత వోల్టేజి పుట్టాలంటే ఇంకా వేగంగా తిరగాల్సిందే. దానికి తగ్గట్టు కరెంటు ఎక్కువ లాగుతుంది, బలం తగ్గుతుంది, అందుకే పొడి అద్దం మీద ఫాస్ట్ వేయొద్దంటాను.

మీది స్లో బ్రష్ అరిగిపోయి ఉండొచ్చు, లేదా ఆ వైరో స్విచ్చో. కిందికెళ్లి ఆగడానికి కరెంటు వచ్చేది కూడా స్లో బ్రష్ ద్వారానే కాబట్టి మీ బ్లేడ్లు మధ్యలోనే ఆగుతూ ఉండాలి, మీరు రాయలేదు గానీ గమనించండి. పై పాఠకుడిదీ మీదీ చూడ్డానికి ఒకే జబ్బు, తేడా తెలిసేది స్లో తిరుగుతోందా లేదా అన్నదాన్ని బట్టే.

ప్రశ్న: ఆగి ఆగి తుడిచే వైపర్ ఎవరు కనిపెట్టారు? అందులో టైమర్ ఉంటుందా?

జవాబు: 1903లో మేరీ ఆండర్సన్ పేటెంట్ తీసుకున్న వైపర్‌ని లోపల కూర్చుని చేత్తో తిప్పాలి. ఆగి ఆగి తుడిచే ఎలక్ట్రానిక్ పద్ధతికి అమెరికాలో ఇంజినీర్ రాబర్ట్ కర్న్స్ 1964లో దరఖాస్తు చేశాడు, 1967లో పేటెంట్ వచ్చింది. మన కనురెప్ప కొట్టుకునే తీరు చూసి ఆ ఆలోచన వచ్చిందని చెప్పాడు. కరెంటుని నిలవ చేసుకునే కెపాసిటర్ నెమ్మదిగా నిండుతుంది, నిండగానే స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్ మోటార్‌ని కదిలిస్తుంది, మళ్లీ మొదలు. ఇప్పుడు చాలా బండ్లలో ఉండే టైమర్ రిలే కూడా మోటార్‌ని చిన్నగా ఒకసారి తోస్తుంది అంతే, మిగతా రౌండంతా ఆ పార్క్ స్విచ్చే పూర్తి చేస్తుంది.

ప్రశ్న: మా వైపర్ వాన ఎక్కువైనప్పుడు ఈడుస్తూ తిరుగుతోంది.

జవాబు: వైపర్ నడుస్తుండగా మీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకో కొన మోటార్ బాడీకి పెట్టండి. అర వోల్టు దాటిందంటే ఎర్త్ బాలేదు, ఆ బోల్టు విప్పి తుప్పు గీకి బిగించండి. అది సరిగ్గానే ఉంటే వైపర్ చేతులకి కదలిక అందించే లింకేజి రాడ్‌ని మోటార్ నుంచి ఊడదీసి ఆ వైపర్ చేతుల్ని మీ చేత్తో కదపండి, వాటి ఇరుసులు బిగుసుకుని ఉంటే తప్పు మోటార్‌ది కాదు. ఈ పనికి దిగేముందు మాత్రం బ్యాటరీ నెగటివ్ తీసేయండి. లివర్ ఆఫ్‌లో ఉంది కదా అని లింకేజి మధ్యలో వేలు పెడితే, ఎవరో ఒకరు తాళం తిప్పగానే బ్లేడ్లు కిందికి వెళ్దామని కదులుతాయి, ఆ గేరుకి వేలు నలిగిపోయేంత బలముంటుంది.